కింద తవ్విన గట్టు

బళ్లారి దగ్గరి మోక నుంచి రెండు మైళ్లు నడిస్తే వచ్చే ఆ పల్లెలో, క్రైస్తవులుండే కింది వీధి చివర ప్రార్థన గుడి ఉండేది. దాని గోడల్లో సగం రాళ్లు మారన్న మోసినవే. మొయ్యమని అతనికి ఎవరూ చెప్పలేదు. పొద్దున కూలికి పోయే ముందు రెండు, సాయంత్రం తిరిగొచ్చాక రెండు, గుట్ట మీది నుంచి భుజాన వేసుకొచ్చి దించేవాడు. అట్లా మూడేళ్లు. నలభై ఐదేళ్ల మనిషికి భుజం మీద, కాడి మోసే ఎద్దుకు కాసినట్టు కాయ కాసింది.

బళ్లారి నుంచి పాదిరి అయ్యగారు ఏడాదికి మూడు నాలుగు సార్లు మాత్రమే వచ్చేవారు. మిగతా ఆదివారాలు వాక్యం చెప్పేది ఉపదేశి పంపన్న. ఏడో తరగతి దాకా చదివిన మనిషి, మంచివాడు. కాకపోతే అతనికి బైబిలంతటిలో ఒక్క మాట మీదే ప్రాణం. రక్షణ విశ్వాసం వల్లనే వస్తుంది, మన క్రియల వల్ల రాదు. పెళ్లిలో అదే చెప్పేవాడు, చావులో అదే చెప్పేవాడు.

పందొమ్మిది వందల యాభై తొమ్మిదో సంవత్సరం జొన్నకోతలు అయిపోయిన ఒక శనివారం పొద్దున, ముసలి హంపయ్య చీపురు పట్టుకుని గుడి ముందర అతన్ని నిలబెట్టాడు.

"ఏమప్పా ఉపదేశీ, క్రియల వల్ల ఏమీ ల్యా అంటావు గదా. మల్ల రేపు అయ్యగారు వస్తాండారని నా చేత కసువు ఊడిపిస్తాండావేంది? నీ విశ్వాసంతో ఊడ్చుకోరాదా?"

"ఊడ్చినందుకు నీకి మోక్షం రాదు హంపయ్యా. ఊడ్చకుంటే మాత్రం నా నోట్లోంచి తిట్లు వస్తాయి."

"అదో, మారన్నని చూడు. రాళ్లు మోసి మోసి సగానికి వంగినాడు. రేపు పరలోకం వాకిట్లో నిన్ను ఆడనే నిలబెట్టి, ముందు ఆయప్పకి తలుపు తీస్తారు. నువ్వు ఆడ నిలబడుకుని వాక్యం చెప్తా ఉండు."

అక్కడున్న వాళ్లంతా నవ్వారు. మారన్న నవ్వలేదు. భుజం మీది రాయి దించి, తలగుడ్డతో మెడ తుడుచుకుని, ఎవరి మొహమూ చూడకుండా పోబోయాడు. ఎవరు మెచ్చుకున్నా అంతే, అక్కడ నిలవడు. ఊళ్లో వాళ్లు దాన్ని వినయం అనుకునేవాళ్లు.

పంపన్న వెనక నుంచి పిలిచాడు.

"మారన్నా, రేపు మధ్యాన్నమే రొట్టె సంస్కారం. దానికి ముందు నిన్ను సంఘానికి పెద్దగా నిలబెడతారు. అయ్యగారు ఒక ప్రశ్న అడుగుతారు, జవాబు నీకి వస్తాది గదా?"

"వస్తాది."

"నీ గురించి సాక్ష్యం నింగమ్మ చెప్తాది. నేనే చెప్తానని ఆయమ్మే అడిగింది."

ఆ పల్లెలో ఒక ఆనవాయితీ ఉంది. సంఘానికి పెద్దగా నిలబడే మనిషి తన గురించి తాను చెప్పుకోకూడదు. అతని చేతి మేలు పొందినవాళ్లు ఎవరైనా లేచి, రొట్టె బల్ల ముందర నిలబడి చెప్పాలి. ఎవరూ లేవకపోతే పెద్దరికం లేదు.

"ఆయమ్మ వద్దు" అన్నాడు మారన్న.

"ఎందుకప్పా?"

"వద్దంటే వద్దు. ఇంకెవురినైనా చెప్పమను."

"సిగ్గా నీకి? ఆరేండ్లుగా ఆ ఇంటి బరువంతా మోసినావు. ఆయమ్మ గాక ఇంకెవురు చెప్పల్ల?"

మారన్న ఇంకో రాయి కోసం గుట్ట వైపు నడిచాడు.

నింగమ్మ హులిగప్ప పెండ్లాం. హులిగప్ప పోయి ఆరేళ్లయింది. ఇద్దరు పిల్లలు, మోకాళ్లు పట్టేసి కళ్లు సరిగా కనపడని అత్త దురుగమ్మ. ఆ ఇంటికి పొద్దున్నే హగరి ఏటి ఇసకలో చెలమ తోడి నీళ్లు తెచ్చేది మారన్న. వానలకు ముందు పైకప్పుకు బోదగడ్డి కప్పేది మారన్న. పిల్లకు జ్వరం వస్తే బస్సుకు ఎత్తుకుపోయి బళ్లారి ఆసుపత్రిలో కూర్చున్నది మారన్న. అతని భార్య హొన్నమ్మ మొదట్లో మూతి ముడిచేది.

"మన కుండ ఎండిపోయినా నీకి కనపడదు. ఆయమ్మ కుండలో కప్ప మునిగేన్ని నీళ్లు ఉండల్ల, అప్పుడు గానీ నీ మనసు నిండదు" అనేది. ఏళ్లు గడిచే కొద్దీ ఆమె కూడా ఒప్పుకుంది. తన మొగుడు అందరిలాంటివాడు కాదని నలుగురిలో చెప్పుకోవడం కూడా మొదలుపెట్టింది. ఆ మాట వినపడితే మారన్న అక్కడి నుంచి లేచిపోయేవాడు.

జరిగింది ఇది.

ఆరేళ్ల కింద ఈ చుట్టుపక్కల కాలువ తవ్వుతున్నప్పుడు, ఈ వీధిలో పన్నెండు మంది ఒక గుంపుగా పనికి పోయారు. గుంపుకు మేస్త్రీ మారన్న. తవ్విన గుంత కొలిచి కూలి ఇచ్చేవాళ్లు. గట్టును పై నుంచి మెట్లు మెట్లుగా తెంపుతూ రావాలి, అది పద్ధతి. కానీ అట్లా చేస్తే ఆలస్యం. కింద గడ్డపారతో గుల్ల చేసుకుంటూ పోతే పైన మన్ను దానంతట అదే విరిగి పడుతుంది, సగం కష్టం తప్పుతుంది. అందరూ దొంగచాటుగా చేసే పనే. నల్లరేగడిలో మాత్రం, అదీ వాన పడి ఆరిన మర్నాడు, పగుళ్లిచ్చిన గట్టు ఒక్కసారిగా కూలుతుందని ఎవరూ చెయ్యరు.

ఆ రోజు నేల సరిగ్గా అట్లాగే ఉంది, పైగా శనివారం. ఓవర్సీరు సాయంత్రం కొలతకు వస్తాడు. మిగతా గుంపులకు ఆదివారం కూడా పని ఉంటుంది, ఈ గుంపుకు ఉండదు. ఆదివారం పార ముట్టకూడదని వాళ్ల కట్టుబాటు. ఆ గుంత శనివారమే తెగాలి. మన దేవుడి దినం వల్ల మనం వెనకబడ్డామని పక్క గుంపువాళ్లు నవ్వకూడదని మారన్నకు పట్టుదల. మిగిలినవాళ్లు తట్టలు మోస్తూ పైన ఉన్నారు. గుంత దగ్గర ఉన్నది ఇద్దరే, అతనూ, హులిగప్పా.

గట్టు విరిగి పడింది. హులిగప్ప మీద నుంచి మన్ను తీసేసరికి అంతా అయిపోయింది.

ఓవర్సీరు వచ్చి అడిగినప్పుడు మారన్న నోట్లోంచి ఒక మాట వచ్చింది. "నేను వద్దంటానే ఉన్నా సామీ. నాలుగు తట్టలు ఎక్కువ కొలత వస్తాదని ఆశకి పోయి ఆయప్పే దూరినాడు." భయంతో వచ్చిన మాట. సాయంత్రానికి అది కాగితం మీదికెక్కింది, మర్నాటికి ఊరంతా పాకింది. హులిగప్ప ఆశపోతు, మట్టి మీద వేసుకుని చచ్చాడు. సొంత తప్పు కాబట్టి ఇంటివాళ్లకు పరిహారం ఏమీ రాలేదు. అది అట్లా ఉంచితే, ఆ పేరు మాత్రం ఉండిపోయింది. పల్లెలో ఎవడైనా రెండో ముద్దకు చెయ్యి చాపితే, "హులిగప్ప మాదిరి చేస్తాండావేందిరా" అనడం అలవాటైపోయింది.

మారన్న ఆ వారం నుంచే నింగమ్మ ఇంటికి నీళ్లు మొయ్యడం మొదలుపెట్టాడు.

పంపన్న సాక్ష్యం సంగతి చెప్పిన ఆ శనివారం మధ్యాహ్నం అతను నింగమ్మ ఇంటికి పోయాడు. సాక్ష్యం చెప్పొద్దని అడగడానికే పోయాడు. వీలైతే అసలు సంగతి కూడా చెప్పేద్దామని, దారి పొడుగునా నోట్లో మాటలు పేర్చుకుంటూ పోయాడు.

దురుగమ్మ చూరు కింద కూర్చుని చింతపిక్కలు ఏరుతోంది. అడుగుల చప్పుడుకే గుర్తుపట్టింది.

"మారన్నా, రా నాయనా. రేపు సంఘానికి పెద్ద అవుతాండావంట. నీలాంటోడు నా కడుపున పుట్టింటే ఎంత బాగుండు."

అంతే. అతను దారిలో పేర్చుకున్న మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి. లోపలి నుంచి నింగమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏమన్నా, ఈ పొద్దులో వస్తివి?"

"సుమ్మనె వచ్చినా, ఊరికే. కప్పు చూసి పోదామని."

కప్పు వైపు కాసేపు చూశాడు. అక్కడ బాగుచేయాల్సిందేమీ లేదు. ఉన్న బోదనే రెండు చోట్ల పీకి మళ్లీ దోపి, వచ్చేశాడు.

ఆదివారం గుడి నిండిపోయింది. అయ్యగారు మోక దాకా బస్సులో వచ్చి, అక్కడ నుంచి గొడుగు వేసుకుని నడిచి వచ్చారు. అరవై దాటిన మనిషి, చిన్న గొంతు. బల్ల మీద తెల్లగుడ్డ కింద రొట్టె, పక్కన ద్రాక్షరసం గిన్నె. పాట అయింది, ప్రార్థన అయింది. మారన్న ఇస్త్రీ లేని తెల్లచొక్కా తొడుక్కుని ముందుకొచ్చి నిలబడ్డాడు.

అయ్యగారు పుస్తకంలో చూసి అడిగారు. "నీకు రక్షణ దేనివలన కలుగును?"

"ప్రభువైన యేసుక్రీస్తునందలి విశ్వాసమువలననే గాని నా క్రియలవలన కాదు."

ఎక్కడా తడబడలేదు. పంపన్న సంతోషంగా తలూపాడు. మారన్నకు మాత్రం తన నోట్లో వేరేవాడి నాలుక ఉన్నట్టనిపించింది. అందులో ఒక్క ముక్క కూడా అతను నమ్మలేదు. నమ్మి ఉంటే ఆ రాళ్లెందుకు?

"ఈ సహోదరుని గురించి సాక్ష్యం చెప్పేవారు ఎవరు?"

నింగమ్మ లేచింది. ఉతికి కట్టుకున్న నీలం చీర. బల్ల దగ్గరకొచ్చి, కొంగు భుజం చుట్టూ తిప్పుకుని, జనం వైపు తిరిగింది.

"నాకి మాట్లాడేది రాదు. అందరికీ తెల్సిందే చెప్తా. నా మొగుడు హులిగప్ప ఎట్లా పోయినాడో ఈడ తెలీనోళ్లు ల్యా. ఈ అన్న వద్దు వద్దంటాంటే ఇనకుండా గట్టు కింద దూరినాడు. నాలుగు తట్టల మన్ను కోసం మా నోట్లో మన్ను కొట్టి పోయినాడు. అట్లాంటోని పెండ్లాన్ని నేను. నన్ను చూసి ఎవురైనా జాలి ఎందుకు పడల్ల? మా ఇంటికి ఎవురైనా ఎందుకు రావల్ల?"

"నింగమ్మా..." అన్నాడు మారన్న. ఎవరికీ వినపడలేదు.

"ఐనా ఈ అన్న వచ్చినాడు. ఆరేండ్లు. ఒక్క దినం తప్పల్యా. నా పిలకాయలకి నేను ఒకటే చెప్తా. మీ నాయన మాదిరి కావద్దండి, మారన్న మామ మాదిరి కాండి. మీ నాయన పేరు ఎత్తొద్దండి అని..."

"సాలు!"

ఈసారి గుడంతా మోగింది. ఒళ్లో నిద్రపోతున్న పసిబిడ్డ ఎవరిదో ఉలిక్కిపడి ఏడ్చింది.

"సాలమ్మా, కూర్చో. అయ్యా, ఆయమ్మని కూర్చోమను. ఆయమ్మ చెప్పేదంతా అబద్ధం."

పంపన్న దగ్గరకొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "ఏందప్పా ఇది? వినయం ఉండల్ల, కాదనను. ఇట్లా కాదు."

"వినయం కాదు ఉపదేశీ. అబద్ధం ఆయమ్మది కాదు, నాది. నేను చెప్పిన అబద్ధమే ఆరేండ్లుగా ఆయమ్మ నోట్లో తిరుగుతాండాది." మారన్న చెయ్యి విడిపించుకున్నాడు. ఎటు చూడాలో తెలియక, రొట్టె మీది తెల్లగుడ్డ వైపే చూస్తూ చెప్పాడు. "హులిగప్ప దిగనన్న్యాడు. పైన గట్టు పగులిచ్చింది మారన్నా, నాకి భయమైతాండాది, నేను దిగను అన్న్యాడు. దిగమన్నది నేను. కింద తవ్వమన్నది నేను. ఆయప్ప ఎంతకీ ఒప్పుకోల్యా. అప్పుడు నేను..."

అక్కడ ఆగిపోయాడు. అబద్ధం సంగతి చెప్పడం ఒక ఎత్తు. దాని ముందు అన్న మాట ఒకటుంది. ఆరేళ్లలో దాన్ని తనకు తాను కూడా చెప్పుకోలేదు.

"చెప్పు నాయనా" అన్నారు అయ్యగారు.

"విశ్వాసం లేదా నీకి అని అడిగినా. బాప్తిస్మం తీసుకున్నోడివి, మన్నుకి భయపడ్తావా? దేవుడు చూసుకోడా? రేపు ఏ మొహంతో రొట్టె పట్టుకుంటావు అని అడిగినా. ఆ మాటకి ఆయప్ప మొహం చిన్నబోయింది అయ్యా. సిగ్గుపడి దిగినాడు. ఆశకి పోయి కాదు."

హొన్నమ్మ కొంగు మొహం మీదికి లాక్కుంది. హంపయ్య, ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి, తన కాళ్ల వైపు చూసుకుంటున్నాడు. పంపన్న చేతిలోని పుస్తకం మూసేశాడు. హులిగప్ప మీద విసిరిన ఆ మాటలు ఎవరి నోటి నుంచి నేర్చుకున్నవో అతనికి అర్థమైంది.

అయ్యగారు అడిగారు. "మరి ఈ రాళ్లు? ఆ ఇంటికి మోసిన నీళ్లు?"

"ఆ దినం నుంచి విశ్వాసం అనే మాట ఇంటే నాకి హులిగప్ప మొహమే కనపడ్తాది అయ్యా. నమ్మేది నాకి చేతకాదు అనుకున్నా. మోసేది చేతనైతాది. మోస్తా ఉంటే యాడో ఒక తావ దేవుడే తృప్తి పడతాడులే, నేను నోరు తెరిచే పని ఉండదులే అనుకున్నా." మారన్న అయ్యగారి వైపు తిరిగాడు. "ఇంక నాకి రక్షణ ఉండాదా?"

"ఉంది" అన్నారు అయ్యగారు. "కానీ నువ్వు సంపాదించుకునేది కాదు, అడుక్కుని తీసుకునేది. అడుక్కోవడమే నీకు కష్టమైంది. ఇన్నాళ్లూ నీ మంచి పనుల చాటున దాక్కున్నావు. అట్లా దాక్కున్నవాడికి దేవుడి మీద నమ్మకం ఎక్కడిది? ఇప్పుడు ఆ చాటు పోయింది. ఇంక నమ్మడం తప్ప నీకు దారి లేదు."

నింగమ్మ ఇంకా బల్ల పక్కనే నిలబడి ఉంది. ఏడవలేదు. ఆమె గొంతు చాలా మెల్లగా వచ్చింది.

"ఆరేండ్లు నేను ఆయప్పని తిట్టుకున్నా."

ఆమె మారన్న వైపు తిరిగింది.

"పిలకాయల నోట్లో నాయన పేరు లేకుండా చేసినా. నువ్వు పొద్దున్నే వచ్చి చూస్తాంటివి. రోజూ చూస్తాంటివి. ఒక్క దినం... ఒక్క దినం నీకి నోరు రాల్యా?"

"రాల్యామ్మా."

"దేవుడు క్షమిస్తే క్షమించనీ. అది ఆయన ఇష్టం. నాకింకా చేత కాదు." ఆమె అయ్యగారి వైపు తిరిగింది. "రొట్టె ఆపుకోండయ్యా కొంచెంసేపు. ముందు ఈయప్ప వచ్చి మా అత్తకి చెప్పల్ల."

ఎండ నడినెత్తిన ఉంది. నింగమ్మ ముందు నడిచింది, వెనక మారన్న, అతని వెనక అయ్యగారు, దూరంగా మిగతా జనం. దురుగమ్మ చూరు కిందే ఉంది.

"ఎవురు? మారన్నవేనా? ఐపోయిందా? పెద్దని చేసినారా నాయనా?"

"ల్యామ్మా."

అరుగు కింద నేల మీద కూర్చుని చెప్పాడు. గుడిలో చెప్పినదానికంటే ఇక్కడ కష్టమైంది. నాలుగు ముక్కల్లో చెప్పడానికి ఎంతోసేపు పట్టింది. ముసలామె చేతిలో చింతపిక్కలు అట్లాగే ఉన్నాయి. దవడ మాత్రం కదులుతోంది.

"భయమైతాది అన్న్యాడా?"

"అన్న్యాడమ్మా."

"చిన్నప్పుడూ అంతే. బావిలోకి తొంగి చూడల్లంటే నా కొంగు పట్టుకునేవాడు." ఆమె చింతపిక్కలు కింద పెట్టింది. "మల్ల ఆశపోతు కాదు నా కొడుకు."

"కాదమ్మా."

"గట్టిగా చెప్పు. పక్కింటోళ్లకి ఇనపడల్ల."

"హులిగప్ప ఆశపోతు కాదు. నేనే దింపినా. అబద్ధం చెప్పింది నేను."

"హులిగా" అంది ముసలామె గాలిలోకి. "ఒరే హులిగా." ఆరేళ్ల తర్వాత ఆ ఇంట్లో ఆ పేరు పలికారు. నింగమ్మ గుంజ పట్టుకుని కిందికి జారిపోయింది. అప్పుడొచ్చింది ఆమెకు ఏడుపు.

మారన్న అక్కడే కూర్చున్నాడు. అతన్ని ఉండమన్నవాళ్లు లేరు, పొమ్మన్నవాళ్లు లేరు. కోడలి తల నిమురుతూ దురుగమ్మే చివరికి ఇటు తిరిగింది.

"పైవీధిలోనూ అంటాండారు నా కొడుకుని. ఆడ కన్నడమోళ్లు. పోయి వాండ్లకి కన్నడంలో చెప్పు. ఒక్క గడప వదలొద్దు."

"పోతానమ్మా."

నింగమ్మ కళ్లు తుడుచుకుని లేచింది. "నేను వెనకాలే వస్తా. యాడైనా ఒక మాట మింగుతాడేమో చూడల్ల."

అయ్యగారు కొంచెం దూరం పక్కనే నడిచారు. గొడుగు తెరవడం కూడా మరిచిపోయారు.

"మారన్నా, ఇది చేసినందుకు నీకేమీ రాదు. తెలుసు కదా?"

"తెల్సు అయ్యా."

"మరి ఎందుకు పోతున్నావు?"

మారన్న నడక ఆపలేదు. జవాబు కోసం వెతకాల్సిన పని లేకుండా దొరికింది. దాంతో అతనికి మరింత సిగ్గేసింది, ఇంత చిన్న మాటకు ఆరేళ్లు పట్టిందే అని.

"ఆయప్ప పేరు ఆయప్పకి ఇయ్యల్ల గదా అయ్యా."

అయ్యగారు అక్కడే ఆగిపోయారు. పైవీధిలో మధ్యాహ్నం భోజనాలయి మగవాళ్లు అరుగుల మీద నడుం వాలుస్తున్నారు. కింది వీధి మనుషులు గుంపుగా రావడం చూసి ఒకరిద్దరు లేచి కూర్చున్నారు. మారన్న తలగుడ్డ విప్పి చేత్తో పట్టుకున్నాడు. వెనక నింగమ్మ అడుగుల చప్పుడు ఆగింది. అతను మొదటి గడప ముందర నిలబడి నోరు తెరిచాడు.